మొదటిసారి స్టార్మ్ ఛేజింగ్: టూర్ వ్యానా, సొంత కారా?

టోర్నడోలు (నేలను తాకే భీకర సుడిగాలులు) పుట్టించే ఉరుముల తుఫానులను వెంటాడి చూడటమే స్టార్మ్ ఛేజింగ్. అమెరికాలో డాలస్ నుంచి ఐ-35 హైవే ఎక్కితే, అలాంటి తుఫానులు వచ్చే ఓక్లహామా రాష్ట్రంలోని నార్మన్ మూడు గంటల దారి. కారుంది, ఫోన్‌లో రాడార్ ఉంది, మళ్లీ వేల డాలర్లు పోసి వ్యానులో తీసుకెళ్లి చూపించే టూర్ ఎందుకు అనిపించడం సహజమే. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లకు టూరే మేలని నా గట్టి నమ్మకం.

తుఫాను ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. నార్మన్‌లోని స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ మార్జినల్ (అన్నిటికంటే తక్కువ) నుంచి హై (అన్నిటికంటే ఎక్కువ) దాకా ఐదు స్థాయిల్లో ముప్పు మ్యాపును రోజూ ఉచితంగానే పెడుతుంది. ఎక్కడ నిలబడాలన్నదే అసలు కష్టం. సూపర్‌సెల్, అంటే లోపల గాలి గిరగిరా తిరిగే పెద్ద ఉరుముల తుఫాను, ఎక్కువగా ఈశాన్యం వైపు కదులుతుంది. వానా వడగళ్లూ ముందు కురుస్తాయి, టోర్నడో సాధారణంగా వెనక, నైరుతి మూలన దిగుతుంది. అందుకే ఆగ్నేయంలో ఉండి చూడాలి. అక్కడ నిలబడితే వెచ్చటి తేమగాలి వీపుకి తగులుతూ మబ్బు వైపు పోతుంటుంది. ఎదురుగా, వాన పడని నల్లటి మబ్బు అడుగు కింద వాల్ క్లౌడ్ (కిందికి వేలాడే మబ్బు ముద్ద) మెల్లగా తిరుగుతూ కనిపిస్తుంది. ఆ వెచ్చటి గాలి ఆగిపోయి ఎదురుగా చల్లగాలి కొట్టిందంటే వెంటనే కదలాలి. ఉత్తరం వైపు నుంచి వచ్చారంటే మాత్రం వడగళ్ల మధ్యలోంచి దూరాల్సిందే. జీపీఎస్ దగ్గరి దారి చూపిస్తుంది తప్ప ఇవేవీ చెప్పదు. ఫోన్‌లో కనిపించే రాడార్ బొమ్మ కూడా కొన్ని నిమిషాల పాతది.

ఆ కొన్ని నిమిషాల్లో ఎంతైనా జరగొచ్చు. 2013 మే 31న ఓక్లహామాలోని ఎల్ రీనో దగ్గర టోర్నడో ఉన్నట్టుండి వేగం, దిశ మార్చుకుని 2.6 మైళ్ల వెడల్పుకు పెరిగింది. ఏళ్ల తరబడి టోర్నడోలపై పరిశోధన చేసిన టిమ్ సమారస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ అందులో ప్రాణాలు కోల్పోయారు. అంత అనుభవం ఉన్నవాళ్లకే తప్పించుకునే వీలు దొరకలేదు.

దారుల సంగతి కూడా చూడండి. కాన్సస్, ఓక్లహామా పల్లెల్లో మైలుకో రోడ్డు ఉంటుంది, మ్యాపులో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటిలో మట్టిరోడ్లు బోలెడు. గట్టి వాన పడితే కారు అందులో దిగబడిపోతుంది. టూర్ డ్రైవర్ ముందే తప్పించుకునే దారి చూసుకుని మరీ వ్యాను ఆపుతాడు.

సొంత కారుకున్న గొప్ప లాభం రోజును మనమే ఎంచుకోవచ్చు. టూర్ తేదీలు ముందే ఖరారవుతాయి. ఆ వారం ఆకాశం నిర్మలంగా ఉంటే చేసేదేమీ లేదు, లేదా నెబ్రాస్కా దాకా రోజంతా వ్యానులో కూర్చోవాలి. డాలస్, ఓక్లహామా సిటీల్లో ఉండేవాళ్లు మంచి రోజు కోసం ఆగగలరు. ఇండియా నుంచి వచ్చేవాళ్లకు ఆ వీలూ లేదు, కుడివైపు డ్రైవింగూ కొత్తే. కాబట్టి వాళ్లు టూర్ తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు.

అయినా సొంతంగానే వెళ్తామంటే ముందు అమెరికా వాతావరణ శాఖ (నేషనల్ వెదర్ సర్వీస్) ఉచితంగా నేర్పే స్కైవార్న్ క్లాసుకు, అంటే తుఫానులను గుర్తించడం నేర్పే శిక్షణకు, వెళ్లండి. ఇద్దరు ఉండాలి, డ్రైవర్ రాడార్ చూడకూడదు. ముప్పు మ్యాపులో పై రెండు స్థాయిలైన మోడరేట్, హై రోజులు వదిలేసి, తక్కువ ముప్పున్న రోజు ఒంటరి తుఫానును దూరం నుంచి చూడండి. చీకటి పడకముందే వెనక్కి తిరగండి. ఫ్లైఓవర్ కింద మాత్రం తలదాచుకోవద్దు, 1999 మే 3న ఓక్లహామాలో అలా నిలబడ్డవాళ్లలో కొందరు చనిపోయారు.

టూర్ బుక్ చేసేముందు ఎంత దూరంలో ఆపుతారో, వడగళ్లలోకి వెళ్తారో లేదో, రాత్రిపూట వెంటాడతారో లేదో అడగండి. టోర్నడో తప్పకుండా చూపిస్తామని మాట ఇచ్చేవాళ్లకు డబ్బు కట్టొద్దు.