కడియంలో తగ్గింపు ధరకు కొన్న మొక్కలు: ఏళ్లు గడిచాక నా అభిప్రాయం

కడియం నర్సరీలంటే చాలామందికి సంక్రాంతి ముందు రోజులే గుర్తొస్తాయి. రోడ్డు పొడవునా బంతి, చామంతి, పెటూనియాలు పరిచి ఉంటాయి. ఫొటోలు దిగేవాళ్ల సందడి ఉంటుంది, ధరలూ అప్పుడే ఎక్కువ. నేను కొనే మొక్కలు ఆ వరసల్లో ఉండవు. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి వైపు పెద్ద నర్సరీల్లో వెనకాల, షేడ్ నెట్ చివరో మోటారు షెడ్డు పక్కనో ఒక మూల ఉంటుంది. అమ్ముడుపోనివి, కవరు చిరిగినవి, పూత అయిపోయినవి అక్కడికి చేరతాయి. రాజమండ్రిలో మా పెరట్లోనూ మేడ మీదా ఉన్న పొదల్లో సగానికి పైగా ఆ మూల నుంచి వచ్చినవే. కొన్ని వచ్చి ఏడెనిమిదేళ్లయింది. ఏళ్ల తరబడి బతికే పూలమొక్కలు కావాలంటే అంతకంటే మంచి బేరం లేదని నా గట్టి నమ్మకం. అయితే పూలు చూసి కాదు, వేళ్లు చూసి కొనాలి.

నర్సరీలో ధర పలికేది పూతకే. వానాకాలంలో కాగితంపూల మొక్కకు ముళ్లూ ఆకులూ తప్ప ఏమీ ఉండవు, ఎవరూ దాని వైపు చూడరు. అదే మొక్క ఎండలు మొదలయ్యాక రంగు తిరిగితే ధర ఎక్కడికో వెళ్తుంది. మల్లెను సెప్టెంబరులో అడిగేవాళ్లుండరు. దేవగన్నేరు చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి మోడులా నిలబడుతుంది, చచ్చిపోయిందనుకుని కొనేవాళ్లు దాటిపోతారు. కొమ్మ చివర నొక్కి చూస్తే గట్టిగా ఉందా, గీరితే పాలు వస్తున్నాయా, అంతే చూడాల్సింది. మెత్తబడితే మాత్రం లోపల కుళ్లు మొదలైనట్టే. అలా మోడుగా తెచ్చిన దేవగన్నేరే ఇప్పుడు మా గేటు పక్కన మేడ ఎత్తుకు పెరిగింది.

నేను ఎక్కువగా వెళ్లేది తొలకరి పడ్డాక. కొత్త లోడ్లకు చోటు కావాలి కాబట్టి పాత సరుకు కదిలిస్తారు, బేరం కుదురుతుంది. పైగా వానల్లో నాటిన పొదకు నీళ్ల బాధ తక్కువ, ఎండాకాలం వచ్చేలోగా వేళ్లు దిగిపోతాయి. నేను ఆ మూలకు వెళ్లగానే పనివాళ్లు “అవి పాతవండీ, ఇటు కొత్త లోడు చూడండి” అంటారు. పాతవే కావాలని చెబితే ధర వాళ్లే తగ్గిస్తారు. ఐదారు మొక్కలు కలిపి అడిగితే ఇంకా తగ్గుతుంది.

చూడాల్సింది కవరు అడుగు. చాలాకాలం ఒకేచోట ఉన్న మొక్క వేళ్లు కవరు కన్నాల్లోంచి నేలలోకి దిగి ఉంటాయి. లాగితే తెగుతాయి, రెండు మూడు రోజులు మొక్క వాడుతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు. కాండం మొదట్లో బొటనవేలి గోరుతో కాస్త గీకితే కింద పచ్చగా కనిపించాలి. తర్వాత మట్టి వాసన చూడాలి. మురుగు కంపు కొడితే వేరు కుళ్లిందన్నమాట, ఉచితంగా ఇచ్చినా తీసుకోను. ఆకులు పసుపెక్కడం, కొమ్మలు సాగిపోవడం, మొక్క వంకరగా ఉండడం నాకసలు లెక్కే కాదు.

ఇంటికి తెచ్చాక కవరుతో సహా బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచుతాను. పాత మట్టి ఎండి గడ్డకట్టి ఉంటుంది, పైనుంచి పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి తప్ప లోపలికి దిగవు. కవరు కోస్తే అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని కనిపిస్తాయి. ఆ చుట్టను కోసేసి, పక్కల్లో బ్లేడుతో నిలువుగా నాలుగు గాట్లు పెడతాను. అలా చేయకపోతే వేళ్లు ఏళ్లు గడిచినా అక్కడక్కడే తిరుగుతాయి. కొమ్మలు మూడో వంతు కత్తిరించి, అడుగున్నర గుంతలో మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నాటుతాను.

నందివర్ధనం, గన్నేరు, టెకోమా ఎంత నీరసంగా ఉన్నా తేరుకున్నాయి. నూరువరహాలకు మా బోరు నీళ్లు పడవు, ఈనెలు పచ్చగానే ఉండి ఆకు పసుపెక్కుతుంది. అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి చల్లితే కొత్త ఆకు పచ్చగా వస్తోంది. మందారంతోనే జాగ్రత్త. కొమ్మ చివర్లు ముడుచుకుని తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే పిండినల్లి. ధర ఎంత తగ్గించినా ఆ మొక్క వద్దు, ఇంట్లో ఉన్న మందారాలన్నిటికీ అంటిస్తుంది. శుభ్రంగా కనిపించినదాన్ని కూడా రెండు వారాలు విడిగా పెట్టి, వేపనూనె చల్లాకే మిగతావాటి దగ్గరికి చేరుస్తాను.

గులాబీలు ఆ మూలలో కొనమని ఎవరికీ చెప్పను. పైన కట్టిన అంటు ఎండిపోయి, కింద అంటుకు ఆధారమైన అడుగు మొక్క చిగుళ్లు మాత్రమే బతికి ఉన్నవి చాలా కనిపిస్తాయి. చూడ్డానికి పచ్చగానే ఉంటాయి కానీ మనం కోరిన పువ్వు ఎప్పటికీ పూయదు. బంతి, పెటూనియాల ఆయుష్షు ఆ సీజన్‌తోనే సరి. చామంతి అలా కాదు. పండగ అయ్యాక వాడిన చామంతి కుండీలు దాదాపు కుండీ ఖరీదుకే ఇచ్చేస్తారు. నాలుగు వేళ్ల ఎత్తుకు కత్తిరిస్తే మొదట్లోంచి పిలకలొస్తాయి. వాటిని ఎండాకాలమంతా నీడలో కాపాడుకుంటే మళ్లీ చలికాలానికి పూస్తాయి.

ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ కోపమే. ఒక నర్సరీలో తెల్ల కాగితంపూలని నమ్మకంగా చెప్పి ఇచ్చినవి తీరా పూసేసరికి ముదురు గులాబీ రంగు. పూత లేనప్పుడు కొంటాం కాబట్టి రంగు మనకు తెలియదు, తగ్గింపు సరుకు వెనక్కి తీసుకోరు. రంగు తప్పనిసరైతే పూత మీద ఉన్నదాన్నే పూర్తి ధర పెట్టి కొనుక్కోవడం మంచిది. ఏ రంగైనా పర్వాలేదనుకునే ప్రహరీ గోడ వెంబడికి మాత్రం నేను ఇప్పటికీ ఆ మూలవే తెస్తున్నాను. తెచ్చేటప్పుడు ఆటోలో తడి గోనెసంచి కప్పి తేవడం మర్చిపోకండి, హైవే గాలికి లేత చిగుళ్లు మాడిపోతాయి.