ముందు వెడల్పు మార్చుకునే జీను: కొన్నేళ్ళు వాడాక

మూపు దగ్గర వెడల్పు మార్చుకోవచ్చన్న ఒక్క కారణంతోనే ఈ సింథటిక్ జీను కొన్నాను. కొన్నేళ్ళుగా దాదాపు రోజూ వాడుతున్నాను. ఆ సదుపాయం నిజంగానే పనికొస్తుంది. కానీ "ఏ గుర్రానికైనా సరిపోతుంది" అని అమ్మేవాళ్ళు చెప్పే మాట మాత్రం నమ్మకండి.

జీను లోపల ట్రీ అనే గట్టి చట్రం ఉంటుంది. దాని ముందు వంపులో గల్లెట్ ప్లేట్ అనే లోహపు ముక్క ఉంటుంది. ఈ జీనులో స్క్రూలు విప్పి ఆ ముక్కను మార్చుకోవచ్చు. దాంతో మూపుకి రెండు పక్కలా జీను దిగే కోణం మారుతుంది. మారేది అంతే. జీను అడుగున వీపుకి రెండు పక్కలా ఆనే మెత్తలు, అంటే ప్యానెళ్ళ వంపు, వాటి మధ్య ఖాళీ, జీను పొడవు అన్నీ కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. కాబట్టి అవి ముందే గుర్రానికి సరిపోవాలి.

మా ఆడ గుర్రానికి కాలికి దెబ్బ తగిలి కొన్ని నెలలు పని ఆపాల్సి వచ్చింది. ఆ విరామంలో మూపు వెనక కండ తగ్గి రెండు పక్కలా గుంటలు పడ్డాయి. అంతవరకూ చక్కగా కూర్చున్న జీను ముందుకి దిగిపోయి మూపుని తాకేంత దగ్గరికొచ్చింది. ఇరుకు ప్లేట్ వేస్తే సర్దుకుంది. మళ్ళీ పని మొదలై కండ నిండేకొద్దీ వెడల్పు ప్లేట్‌కి మారాం. ఆ మార్పు నా కంటికి ఆనేలోపే తను చెప్పేసింది: పొట్ట కింద నుంచి జీనుని పట్టి ఉంచే గర్త్ పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వేయడం, తిరిగి కొరకబోవడం. దీన్ని పొగరనుకునేవాళ్ళు చాలామంది. నోరులేని జీవిని తిట్టే ముందు జీను ఎత్తి చూడాలంటాను నేను.

సరిపోయిందో లేదో చూడటానికి ముందు జీను కింద వేసే ప్యాడ్ తీసేయాలి. జీనుని కాస్త ముందుగా పెట్టి, వెంట్రుకలు వాలే దిశలో వెనక్కి జరిపితే ఒకచోట దానంతటదే ఆగుతుంది. అది భుజపు ఎముకకి వెనకగా ఉండాలి. ముందు కాలు ముందుకి వేసినప్పుడు ఆ ఎముక పైభాగం వెనక్కి తిరుగుతుంది. దాని మీద జీను కూర్చుంటే గుర్రం అడుగులు పొట్టిగా వేస్తుంది. ఎవరైనా ముందు కాలుని మెల్లగా ముందుకి లాగి పట్టుకుంటే, జీను కింద చెయ్యి పెట్టి ఆ కదలికకి చోటుందో లేదో తెలుసుకోవచ్చు.

మూపు పైన రెండు మూడు వేళ్ళ ఖాళీ ఉండాలి, అదీ మనిషి ఎక్కి కూర్చున్నాక. ఖాళీ జీనుని చూసి తృప్తిపడితే సగమే చూసినట్టు. ప్లేట్ ఇరుకైతే జీను ముందు భాగం పైకి లేచి మనం వెనక్కి వాలతాం. వెడల్పు ఎక్కువైతే జీను ముందు భాగం దిగి ముందుకి జారతాం. రెండు ప్యానెళ్ళ మధ్య ఖాళీ ముందు నుంచి వెనకదాకా మూడు నాలుగు వేళ్ళు పట్టాలి, వెన్నుపూసల మీద ఏదీ ఆనకూడదు. గుర్రానికి 18 జతల పక్కటెముకలుంటాయి. బరువు మోసే భాగం చివరి పక్కటెముక దాటకూడదు, ఆ వెనక నడుముకి పక్కటెముకల ఆసరా ఉండదు.

ఇదే జీనుని స్నేహితుడి బల్లపరుపు వీపున్న గుర్రం మీద వేసి చూశాం. మధ్యలో ఆని, ముందూ వెనకా ఊగింది. ఉన్న ప్లేట్లన్నీ మార్చినా ఆ ఊగు పోలేదు. పోదు కూడా, తేడా ఉన్నది ప్యానెల్ వంపులో. దీనికి వ్యతిరేకంగా, లోతు వీపు గుర్రాల మీద కొన్ని జీనులు ముందూ వెనకా మాత్రమే ఆని మధ్యలో తేలుతుంటాయి. బరువంతా నాలుగు చోట్లే పడుతుంది. మందపాటి జెల్ ప్యాడ్ వేస్తే సరి అంటారు గానీ, ఇరుకు జీను కింద అది బిగుతు బూట్లలో మందపాటి మేజోళ్ళు తొడిగినట్టే.

మా గుర్రం మీద ఉన్నట్టుండి జీను ఒకే పక్కకి జారడం మొదలైంది. ప్యానెళ్ళలోని ఉన్ని సర్దించాను, గర్త్ మార్చాను, లాభం లేకపోయింది. చివరికి పశువైద్యుడు చూసి వెనక కాలిలో సన్నటి కుంటు ఉందన్నారు. దానికి వైద్యం చేయించాక జీను తిన్నగా నిలబడింది. వెనక కాలి కుంటుకి జీను పక్కకి జారడం ఒక గుర్తని అప్పుడే తెలిసింది.

ఇక రైడర్ సంగతి. నాకు అసలు అసంతృప్తి ఇక్కడే. సీటు 17.5 అంగుళాలు, నా తొడ పొడవుకి సరిపోయింది. సైజు ఎంచుకునేటప్పుడు చాలామంది బరువే చూస్తారు గానీ తొడ పొడవూ అంతే ముఖ్యం. అయితే రికాబు వేలాడే కడ్డీ కాస్త ముందుకి ఉంది. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీతలో ఉండాల్సింది పోయి కాళ్ళు ముందుకి పోయి కుర్చీలో కూర్చున్నట్టవుతుంది. అప్పుడు నా బరువు జీను వెనక భాగం మీద పడుతుంది, అంటే గుర్రం వీపు మీద. కొన్ని జీనుల్లో ఆ కడ్డీని జరుపుకోవచ్చు. ఇందులో కుదరదు. ట్రాట్‌లో, అంటే గుర్రం నడకకీ పరుగుకీ మధ్య వేగంలో, ప్రతిసారీ కాళ్ళు వెనక్కి లాక్కోవడం అలసట.

ప్యానెళ్ళలో ఉన్ని ఉంది. మొదటి కొన్ని నెలల్లోనే అణిగింది, నింపించాను. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు చూపిస్తున్నాను. స్వారీ అయ్యాక చెమట పట్టిన వీపు మీద పొడిగా మిగిలిన మచ్చలుంటే చెయ్యి పెట్టి చూడండి. అక్కడ ఒత్తిడి ఎక్కువైనా కావచ్చు, అసలు ఆనకపోయినా కావచ్చు.

వానలో తడిసినా ఈ సింథటిక్‌కి ఏమీ కాలేదు, గుడ్డతో తుడిస్తే చాలు. గర్త్ పట్టీల రంధ్రాలు మాత్రం సాగాయి. ఎదిగే వయసు గుర్రానికీ, విరామం తర్వాత పనిలోకి వస్తున్న గుర్రానికీ ఇది మంచి ఎంపిక. ఒళ్ళు స్థిరపడిన గుర్రం ఒక్కటే ఉంటే దానికే కొలిచి చేయించిన జీనే మేలు. ప్లేట్ మార్చిన రోజు మాత్రం స్వారీ నుంచి రాగానే స్క్రూలు మళ్ళీ బిగించండి, మొదటి స్వారీకే కాస్త వదులవుతాయి.