ఇ.ఎస్.ఐ. నిరుద్యోగ భృతి: చేతికి వచ్చేది ఎంత, ఎప్పుడు?

అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అన్న పేరు వినగానే, అది తమ జీతంలో నెలనెలా కోతపడే ఇ.ఎస్.ఐ. (కార్మికుల ప్రభుత్వ బీమా) చందాకు సంబంధించిన పథకమని పోల్చుకునే కార్మికులు అరుదు. 2018 జులై 1న మొదలైన ఈ పథకం కింద ఉద్యోగం పోయినవారికి సగటు రోజు వేతనంలో 25 శాతం చొప్పున, జీవితంలో ఒక్కసారి, 90 రోజుల వరకు భృతి ఇచ్చేవారు. 2020 మార్చి 24 నుంచి దాన్ని 50 శాతానికి పెంచి, ఉద్యోగం పోయాక ఆగాల్సిన 90 రోజుల నిరీక్షణను 30 రోజులకు తగ్గించారు.

2021లో మా తమ్ముడి చేత దరఖాస్తు పెట్టించినప్పుడు లెక్క దగ్గరగా చూశాను. నెల జీతం 15,000. రెండేళ్ల జీతం మొత్తాన్ని 730 రోజులతో భాగిస్తే రోజుకు 493 రూపాయలు. అందులో సగం చొప్పున 90 రోజులకు 22,190 పైచిలుకు. అతని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం కలిపి నెలకు 600 చొప్పున ఆ రెండేళ్లలో కట్టింది 14,400. అదే చందా మీద ఇంటిల్లిపాదికీ వైద్యం కూడా నడిచింది కనుక, లెక్క ప్రకారం ఈ పథకాన్ని తప్పుపట్టలేను.

చిక్కంతా అర్హత దగ్గరే. ఉద్యోగం పోవడానికి ముందటి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా నమోదై ఉండాలి. బ్రాంచి కార్యాలయంలో గుమాస్తా కంప్యూటరు తెర మా వైపు తిప్పి చూపిస్తే అక్కడ 71 రోజులే ఉన్నాయి; జీతంలో కోసుకున్న ఒక నెల చందాను కంపెనీ జమచేయనే లేదు. పే స్లిప్పులు పట్టుకుని కంపెనీ చుట్టూ తిరిగితే గానీ ఆ నెల ఎక్కలేదు. గుమాస్తా మాత్రం ఓపికగానే మాట్లాడాడు, అది చెప్పుకోవాలి.

ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంటు (సిబ్బంది కోత) జరిగినా వర్తించే మరో ఇ.ఎస్.ఐ. పథకం, రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజనలో తొలి ఏడాది 50 శాతం, మలి ఏడాది 25 శాతం భృతి ఉంది. అయితే రేపటి నుంచి రావద్దని నోటిమాటగా చెప్పి పంపేసిన చోట, తొలగించినట్టు కాగితం ఎవరిస్తారు?

డబ్బు ఖాతాలో పడేనాటికి మరదలి గాజులు తాకట్టులో ఉన్నాయి. భృతిలో మొదటి ఖర్చు వాటి వడ్డీకే అయింది.