వ్యాన్‌కు ఎత్తు పైకప్పు కిట్: డొప్ప మేలైనది, చట్రమే చాలలేదు

వ్యాన్‌లో నడుము వంచకుండా నిలబడి వంట చేసుకోవాలన్న కోరికతో, రేకు కోసి సొంతంగా బిగించుకునే ఫైబర్‌గ్లాస్ ఎత్తు పైకప్పు కిట్ కొన్నాను. ఒకే ముక్కగా తయారైన పైకప్పు డొప్ప, నాలుగు ఇనుప గొట్టాలు, అతికించి సందులు మూసే పాలియురెథేన్ జిగురు (సీలెంట్), సూచనల పుస్తకం అందులో వచ్చాయి. ఏడాది వాడిన తరువాత రాస్తున్న అభిప్రాయమిది.

డొప్పకు వంక పెట్టడానికి లేదు. మందం అంతటా సమానంగా ఉంది, పైపూత ఎక్కడా పగలలేదు, అంచు వ్యాన్ వంపుకు సరిగ్గా కూర్చుంది. చిక్కంతా దాని కిందనే ఉంది. వ్యాన్ పైరేకుకు లోపలివైపు అడ్డంగా ఉండే ఉక్కు పట్టీలు రేకును మోయడంతో సరిపెట్టుకోవు. రెండు పక్కగోడలనూ పట్టి ఉంచి, గతుకుల్లో బండి మెలితిరగకుండా కాసేవి కూడా అవే. రేకుతోపాటు వాటినీ కోసేసినప్పుడు ఆ పని పలుచని డొప్ప వల్ల కాదు. గొట్టాలను స్క్రూలతో బిగిస్తే చాలునని పుస్తకం చెప్పింది, నేను నమ్మాను. నెల తిరగకుండానే పక్క తలుపు సరిగా మూసుకోవడం మానేసింది. వెల్డర్ చేత కోత చుట్టూ చదరపు ఉక్కు గొట్టంతో పూర్తి చట్రం కట్టించాక గానీ అది దారికి రాలేదు. నిజానికి ఈ చట్రాన్ని కోతకు ముందే కొలిచి సిద్ధం చేసుకోవలసింది.

సీలెంట్ మంచిదే, వాడమన్న తీరే తప్పు. బోల్టులను బలంగా బిగించమన్నారు. అలా చేస్తే జిగురంతా బయటికి వచ్చి పలుచని పొర మాత్రమే మిగులుతుంది. ఎండకు ఉక్కూ ఫైబర్‌గ్లాసూ ఒకే మేర సాగవు కనుక, ఆ తేడాను ఓర్చుకోవడానికి జిగురుకు కొంత మందం ఉండాలి. రెండోసారి 3 మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలను మధ్యమధ్య ఉంచి అతికించాను, ఆపై చుక్క నీరు కారలేదు. కోసిన అంచులకు తుప్పు పట్టకుండా పూయవలసిన ప్రైమర్ కిట్‌లో లేనే లేదు, పుస్తకంలో దాని ప్రస్తావనా లేదు. లోపల థర్మోకోల్ అతికించాలనుకునేవారు ఫైబర్‌గ్లాస్ పనిలో వాడే పాలిస్టర్ రెజిన్ అనే ద్రవం జోలికి పోవద్దు. అది థర్మోకోల్‌ను కరిగించేస్తుంది, ఎపాక్సీ అనే మరో రకం రెజిన్ కరిగించదు. నాకు ఒక షీటు మొత్తం ముద్దయ్యాకే ఈ సంగతి తెలిసింది.

పక్కగాలికి బండి మునుపటికన్నా ఎక్కువగా ఊగుతుంది, అది ఏ ఎత్తు కప్పుకైనా తప్పదు. డొప్పను విడిగా అమ్మితే సంకోచించకుండా కొనమంటాను. వెల్డింగ్ తెలిసినవారు అందుబాటులో లేకపోతే మాత్రం ఈ కిట్ తీసుకోవద్దు.