ఆ 'హ్యూమనైజ్' టూల్‌కి ఏడాది చందా కట్టకండి బాబూ

పేరు రాయను. ఫ్రీలాన్స్ రైటింగ్ గురించి ఎక్కడ ఏం వెతికినా పక్కన పచ్చ బటన్‌తో వెంటపడే ప్రకటన ఉంటుందే, అదే. ఒకే చందాకి రెండు పనులు: వ్యాసం ఏఐ రాసిందా మనిషి రాశాడా అని శాతం చెబుతుంది, శాతం ఎక్కువొస్తే 'హ్యూమనైజ్' నొక్కితే తగ్గిస్తుంది. డెలివరీతో పాటు స్కోరు రిపోర్టు కూడా పెట్టమని క్లయింటు అడిగాడు, గడువు నెత్తి మీదుంది, కార్డు నంబరు కొట్టేశాను. తర్వాతదంతా నా బుద్ధి గడ్డి తినడమే.

అసలు మంట ఎక్కడో ముందు చెప్పేస్తాను. 1,400 పదాల వ్యాసం, ప్రతి వాక్యం సొంతంగా రాసిందే. పొద్దున స్కాన్ చేస్తే 6 శాతం ఏఐ. సాయంత్రం రెండు కామాలు తీసి, ఒక ఉపశీర్షిక మార్చి మళ్ళీ పెడితే 71. రెండు స్క్రీన్‌షాట్లూ జతచేసి ఇదేంటి స్వామీ అని సపోర్టుకి రాశాను. జవాబు: "మా స్కోరు అంచనా మాత్రమే. దీన్ని ఎవరికీ రుజువుగా సమర్పించరాదు. దయచేసి నిబంధనలు చదవగలరు." చివర్లో ఒక నవ్వు మొహం బొమ్మ. మరి వాళ్ళ మొదటి పేజీలో బండ అక్షరాలతో ఏముందో తెలుసా? "మీ క్లయింటుకు చూపించదగిన రుజువు." అమ్మేటప్పుడు రుజువట, అడిగితే అంచనాట. డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వు మొహానికి కాలింది నాకు.

కొనేముందు పది నిమిషాలు వెతికినా ఇదంతా తెలిసేదే. ఏఐ రాతని పట్టుకుంటామనే ఇలాంటి డిటెక్టర్లు చూసేవాటిలో ముఖ్యమైనవి రెండు: తర్వాత రాబోయే పదం ఎంత తేలిగ్గా ఊహకందుతోంది, వాక్యాల పొడవు ఎంత హెచ్చుతగ్గులవుతోంది. పదం తేలిగ్గా ఊహకందినా, పొడవులు ఒకేలా ఉన్నా ఏఐ అనేస్తాయి. మనమేమో ఎలా రాయాలో చెబుతూ క్లయింటిచ్చిన స్టైల్ గైడ్ ముందు పెట్టుకుని చిన్న వాక్యాలు, సాదా మాటలు, ఒకే కొలత పేరాలు రాస్తాం. పని ఎంత బుద్ధిగా చేస్తే అంత మెషీన్‌లా కనబడతామన్నమాట. ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళకి దెబ్బ ఇంకా గట్టిది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్ళు టోఫెల్ అనే ఇంగ్లీష్ పరీక్షకి రాసిన 91 వ్యాసాలను 7 డిటెక్టర్లకిచ్చి చూశారు. మనుషులు రాసినవాటినే సగటున 61 శాతం ఏఐ ఖాతాలో వేశాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో సొంత డిటెక్టర్ తెచ్చింది, కచ్చితత్వం చాలట్లేదని జులైలో తీసేసింది. వాళ్ళే చేతులెత్తేసిన పనిని వీళ్ళు నెల చందాకి చేసిపెడతారని నమ్మినందుకు నాకు శాలువా కప్పాలి.

ఇక ఆ బటన్. 71 చూసి చెమటలు పట్టి నొక్కాను. సొంతంగా రాసిన దాన్ని మనిషి రాసినట్టు మార్చిపెట్టమని మెషీన్‌ని బతిమాలడం! స్కోరు 3కి పడింది. పైకి ఒక్క పదమూ మారినట్టు లేదు, భలే అనుకుని పంపేశాను. క్లయింటు తన ప్రొడక్టు పేరు కోసం కంట్రోల్ ఎఫ్ కొడితే ఫలితాలు సున్నా. పేరు కళ్ళెదుటే ఉంది, వెతికితే లేదు. జరిగిందేంటంటే, ఇంగ్లీష్ చిన్న ఎ, ఇ, ఓ, పి అక్షరాలు కొన్నిచోట్ల తీసేసి, అచ్చం అలాగే ఉండే సిరిలిక్ అక్షరాలు, అంటే రష్యన్ రాసే లిపివి, దూర్చింది. కొన్ని పదాల మధ్యలో వెడల్పే లేని ఖాళీలు కూడా. మన కంటికి అదే పదం, కంప్యూటరుకి వేరే పదం. స్పెల్‌చెక్ ఆన్ చేస్తే పేజీ నిండా ఎర్ర గీతలు. కీవర్డు, అంటే జనం వెతికితే దొరకాల్సిన మాట, దానికోసం డబ్బిచ్చిన మనిషికి కీవర్డే లేని వ్యాసం అంటగట్టినట్టయింది. ఇది బయటపడ్డాక నేనే రాశానంటే ఎవడు నమ్ముతాడు?

అనుమానముంటే విండోస్ వర్డ్‌లో ఒక్క చిన్న 'పి' అక్షరాన్ని సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. 0070 వస్తే ఇంగ్లీష్ అక్షరం, 0440 వస్తే సిరిలిక్. (తెలుగులో రాసేవాళ్ళకి ఇంకో మాట. ఆ టూల్‌లో 'దాగిన అక్షరాలు తొలగించు' అని ఇంకో బటన్ ఉంది, దాని జోలికి పోకండి. 'సాఫ్ట్‌వేర్' అని పొల్లు విడిగా నిలబడేది కంటికి కనిపించని ఒక అక్షరం వల్లే. అది తీసేస్తే 'సాఫ్ట్వేర్' అయి కూర్చుంటుంది.)

డబ్బు లెక్క కూడా చూడండి. నెలకింత అని చూపిస్తారు, కానీ 'ఏడాది' ముందే టిక్ అయి ఉంటుంది, పన్నెండు నెలలదీ ఒకేసారి లాగుతారు. చందాకి బదులు వాడుకోమని ఇచ్చే క్రెడిట్లు పదాల లెక్కన కోస్తారు. ఒక్క కామా మార్చి మళ్ళీ స్కాన్ చేసినా 1,400 పదాలకీ మళ్ళీ కోత, హ్యూమనైజ్‌కి రెట్టింపు. మిగిలినవి నెలాఖరుకి గంగలో కలుస్తాయి. ఏడు రోజుల్లో రిఫండ్ అంటారు గానీ 1,000 పదాల లోపు వాడితేనేనట. అంటే ఒక మామూలు వ్యాసం పెట్టి చూసినా రిఫండ్ గోవిందా.

నాకు ఆలస్యంగా వెలిగింది ఇంకోటి. పేస్ట్ చేసిన టెక్స్టుని "సేవను మెరుగుపరచడానికి" దాచుకుంటామని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టి, ఇంకా అచ్చుకాని క్లయింటు సరుకుని నా చేత్తో నేనే అప్పజెప్పాను.

ఏం చేయాలంటారా, గూగుల్ డాక్స్‌లో మొదటి నుంచీ అదే ఫైల్లో రాయండి. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ ఉంటుంది, రూపురేఖ, మొదటి డ్రాఫ్టు, చివరిది, ఒక్కోదానికీ పేరు పెట్టుకోండి. వేరేచోట రాసి ఒక్కసారిగా పేస్ట్ చేస్తే హిస్టరీలో ఆ ఒక్క పేస్టే కనబడుతుంది, ఎందుకూ కొరగాదు. 'మేక్ ఎ కాపీ' చేసి పంపినా పాత చరిత్ర వెంట రాదు. చూడ్డానికి మాత్రమే లింకు ఇస్తే అవతలివాళ్ళకి హిస్టరీ కనపడదు, ఎడిట్ అనుమతి ఇవ్వాలి, లేదా స్క్రీన్ రికార్డు చేసి పంపాలి. స్కోరు కావాలనే క్లయింటైతే ఏ టూలు, ఎంత శాతం, తప్పు చూపిస్తే ఎవరి పూచీ అన్నది పని మొదలుపెట్టకముందే రాతలో తీసుకోండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకి: రద్దు బటన్ బిల్లింగ్ పేజీలో లేదు. ప్రొఫైల్‌లో 'ప్లాన్ మార్చు' నొక్కి కిందిదాకా వెళ్తే బూడిద రంగు చిన్నక్షరాల్లో ఉంది. ఖాతా డిలీట్ చేసేస్తే చందా ఆగుతుందనుకోకండి, ఆగదు. ముందు చందా రద్దు చేసి, రద్దయిందన్న మెయిల్ చేతికొచ్చాకే ఖాతా తీసేయండి.