సర్వర్ గ్రూపులు: చేత్తో రాసే జాబితా మేలా, రూల్ మేలా?

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే ఋషికొండ ఐటీ ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునేవాళ్ల దృష్టంతా బంగాళాఖాతం మీదే. తుఫాను హెచ్చరిక రాగానే విశాఖ సైట్ సర్వర్లన్నిటినీ ఒకేసారి డౌన్‌టైమ్‌లో, అంటే అలర్ట్‌లు రాకుండా ఆపి ఉంచే స్థితిలో, పెట్టాలి. లేకపోతే కరెంటు పోయిన మరుక్షణం నుంచి అలర్ట్‌లతో ఫోను మోగుతూనే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక్కటీ మిగలకుండా అన్నీ డౌన్‌టైమ్‌లోకి వెళ్లాలంటే ముందు ఆ సర్వర్ల గ్రూపు సరిగ్గా ఉండాలి.

సర్వర్ల మీద ఓ కన్నేసి ఉంచే సాఫ్ట్‌వేర్ నాగియోస్‌లో మామూలు పద్ధతి హోస్ట్‌గ్రూప్ (హోస్ట్ అంటే అది చూసుకునే ఒక్కో మెషీన్) కింద మెంబర్ల పేర్లు వరసగా రాసుకోవడం. ఓ ఇరవై సర్వర్ల దాకా ఇదే సుఖం. తీసేసిన సర్వర్ పేరు జాబితాలో మిగిలిపోతే సెట్టింగుల ఫైళ్లను సరిచూసే కాన్ఫిగ్ చెక్‌లోనే ఎర్రర్ వస్తుంది. కొత్త సర్వర్‌ను చేర్చడం మర్చిపోతే మాత్రం అడిగే నాథుడు ఉండడు.

అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఐసింగా 2లో 'అసైన్ వేర్' అని రూల్ రాస్తే మెంబర్లను అదే వెతుక్కుంటుంది. అసలు తిరకాసు ఆ రూల్ దేన్ని చూడాలన్న దగ్గరే ఉంది. హోస్ట్ పేరు 'విజ్-'తో మొదలైతే చాలు అని రాయడం తేలిక. కానీ ఆ మెషీన్‌ను రేపు హైదరాబాద్‌కు తరలిస్తే పేరు మార్చే ఓపిక ఎవరికుంటుంది? అందుకే హోస్ట్ మీద 'సైట్' అని ఒక వేరియబుల్ (ఊరి పేరు లాంటి విలువ రాసుకునే గడి) పెట్టి, రూల్‌లో దాన్ని చూడమనడం నయం. ఇందులోనూ ఓ చిక్కుంది. ఒకరు వైజాగ్ అని, ఇంకొకరు విశాఖపట్నం అని, మరొకరు మొదటి అక్షరం క్యాపిటల్ చేసి రాస్తారు. రూల్‌కు ఇవన్నీ వేర్వేరే, కాబట్టి కొన్ని సర్వర్లు చడీచప్పుడు లేకుండా గ్రూపు బయట ఉండిపోతాయి. ఆ విలువను హోస్ట్ టెంప్లేట్‌లో, అంటే హోస్ట్‌లన్నిటికీ ఉమ్మడి నమూనాలో, ఒక్కచోటే రాసి, సైట్‌లోని హోస్ట్‌లన్నిటికీ దాన్నే ఇంపోర్ట్ చేయిస్తే ఈ బాధ తప్పుతుంది.

ఇదే పని చేసే జాబిక్స్ అనే సాఫ్ట్‌వేర్ దారి వేరు. సర్వర్‌లో నడిచే దాని చిన్న ప్రోగ్రామ్ (ఏజెంట్) కాన్ఫిగ్‌లో హోస్ట్ మెటాడేటా, అంటే ఆ మెషీన్‌ను వర్ణించే మాట, రాస్తే ఆటోరిజిస్ట్రేషన్ యాక్షన్ (కొత్త హోస్ట్‌ను నమోదు చేసే రూల్) దాన్ని చూసి హోస్ట్‌ను గ్రూపులో చేరుస్తుంది. చేర్చడం వరకే దాని పని. తర్వాత మెటాడేటా మారినా పాత గ్రూపులోంచి హోస్ట్ తనంతట తాను బయటకు రాదు. సర్వర్లు తరచూ చోటు మారే ఆఫీసుకు నేనైతే దీన్ని చెప్పను.

సర్వర్లు ఇరవై దాటితే నా ఓటు వేరియబుల్ మీద రాసిన రూల్‌కే. యూపీఎస్, జనరేటర్ సంగతి వేరు. తుఫాను రాత్రి మోగాల్సినవే అవి. వాటిని రూల్‌లో 'ఇగ్నోర్ వేర్' అనే మినహాయింపుతో విశాఖ గ్రూపులోంచి తప్పించి, పేర్లు చేత్తో రాసిన వేరే గ్రూపులో పెట్టండి. రూల్ మార్చి రీలోడ్ చేసిన ప్రతిసారీ గ్రూపులో ఎన్ని హోస్ట్‌లున్నాయో, ర్యాక్‌లలో నిజంగా ఉన్న మెషీన్ల లెక్కతో ఆ అంకె సరిపోతోందో లేదో చూసుకోండి.