పాత కొట్టు సరుకులు: ఇరవై రెండేళ్ల వాడకం తర్వాత

పెళ్లై విజయనగరం వచ్చినప్పటి నుంచి ఆముదం, కలరా ఉండలు, పటిక, అమృతాంజనం మూడులాంతర్ల వైపు కొట్లలోనే కొంటున్నా.

ఎక్కువ మార్కులు ఆముదానికే. సంక్రాంతి వెళ్లాక పుట్టింటి నుంచి పెసలు, బొబ్బర్లు వస్తాయి. రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి, చల్లారాక కిలోకి చెంచాడు ఆముదం అరచేతిలో పోసుకుని గింజగింజకీ పట్టేలా రుద్దుతా. గింజ మెరిసి వేళ్ల సందుల్లోంచి జారుతుంటే ఆపేయాలి. ఎక్కువైతే వండేముందు ఎంత కడిగినా జిడ్డు వదలదు. పెంకు పురుగు గింజ మీదే గుడ్డు పెడుతుంది, జిడ్డుంటే ఆ గుడ్డు సరిగా అంటుకోదు. లోపల ముందే పురుగు దూరి ఉంటే మాత్రం ఆముదం ఏమీ చేయలేదు. ఒక ఏడాది బద్ధకించి ఎండబెట్టకుండానే రుద్దా. ఉగాదికల్లా డబ్బా అడుగున పిండి, గింజకో చిల్లు!

కలరా ఉండలతో నాకు పేచీ ఉంది. పట్టుచీరల ట్రంకుపెట్టెలో గుడ్డలో మూటగట్టి వేస్తే పురుగు రాదు, నిజమే. కానీ అవి ఆవిరైపోతూ ఉంటాయి, ఆ ఆవిరి పెట్టెలోనే ఉండదు కదా. ఓసారి పక్కనే బియ్యం బస్తా పెట్టా. మామగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏమ్మా, ఇవాళ చీర వండావా?" అన్నారు. బియ్యం మూడుసార్లు కడిగినా, గంజి వార్చినా అదే వాసన. చివరికి బస్తా పారబోశాం. పసిపిల్లల బట్టల్లో అసలు వేయకండి. జీ6పీడీ లోపం, అంటే పుట్టుకతోనే రక్తకణాల్లో ఒక ఎంజైము తక్కువగా ఉండటం, ఉన్న బిడ్డకి ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు రావచ్చు. మా ఇంట్లో మనవడు పుట్టాక ఎండువేపాకే వేస్తున్నాం. ప్రతి రెండు నెలలకీ మార్చాలి, అదొక్కటే విసుగు.

పటిక వానాకాలం బావినీళ్లకి. బిందెలో నాలుగు చుట్లు తిప్పితే తెల్లారేసరికి మట్టి అడుగుకి చేరుతుంది. నీళ్లు తేటపడతాయే గానీ క్రిములు పోవు, కాచుకోవాల్సిందే.

అమృతాంజనం గురించి చెప్పేదేముంది! 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టిన మందు. తలనొప్పికి గంటసేపు ఊరట, అంతే. కర్పూరం ఉంటుంది కాబట్టి చంటిపిల్లల ముక్కు దగ్గర రాయను. ఒకసారి ఖాళీ సీసా సబ్బుతో కడిగి, ఎండలో పెట్టి, ఇంగువ పోశా. వారం తర్వాత పులిహోర పోపులో వేస్తే ఇంగువ వాసన రాలేదు.